బండా, బ్యాగా?

నూజివీడు ప్రాంతంలో సరుకు చేరవేసి బతికేవాళ్లు ఇప్పుడు రెండు రకాలు. తోటలో కోసిన మామిడి కాయను ట్రేలకెత్తి ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టుకు తోలే చిన్న బండివాళ్లు ఒకరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పార్శిళ్లను బ్యాగులో వేసుకుని ఊరూరా తిరిగే బైకు కుర్రాళ్లు ఇంకొకరు. రోడ్డు ఒకటే, ఎండ ఒకటే, లెక్కలే వేరు. ఒకే కుటుంబంలో ఈ రెండు పనులూ చేసే ఇద్దరు, ఇంటర్ అయిపోయి ఏదో ఒక పనిలో పడాలని చూస్తున్న ఇంకో కుర్రాడి గురించి వాదించుకుంటే ఇలా ఉంటుంది. మావయ్య సొంత బండి మనిషి. మేనల్లుడు పార్శిళ్ల హబ్బు మనిషి. ఆ కుర్రాడు మేనల్లుడి తమ్ముడు. ఇంట్లో అందరికీ వాడు చిన్నోడు.

మావయ్య: ఏరా, చిన్నోణ్ని కూడా ఆ హబ్బులోకే లాగుతున్నావంట? మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేనేమో వాడి కోసం సెకండ్ హ్యాండ్‌లో ఒక బండి చూసిపెట్టాను. డౌన్ పేమెంట్ నేను సర్దుతాను, మిగతాది ఫైనాన్స్.

మేనల్లుడు: నువ్వు సర్దేది డౌన్ పేమెంటే కదా మావయ్యా. వాయిదాలు ఎవరు కడతారు? మన మామిడి ఏప్రిల్‌లో మొదలై జూన్‌లో అయిపోతుంది. వాయిదా పన్నెండు నెలలూ వస్తుంది. ఒక్క ఈదురుగాలికి కాయంతా రాలిపోయిన ఏడు ఫైనాన్స్‌వాడు ఊరుకుంటాడా?

మావయ్య: మిగతా నెలల్లో బండిని గొడ్ల చావిట్లో కట్టేస్తామా ఏంటి? మొక్కజొన్న ఉంది, సిమెంటు ఉంది, పెళ్లి సామాను ఉంది. ఇల్లు మారేవాళ్లు రోజూ ఉంటారు. బండంటూ ఉంటే పని వెతుక్కుంటూ వస్తుంది. నీ బ్యాగు దించేస్తే నీకేం మిగులుతుంది చెప్పు.

మేనల్లుడు: అప్పు మిగలదు. అది చాలదా? వాడు ఆరు నెలలు చేసి నచ్చలేదనుకో, బ్యాగు అప్పజెప్పి ఇంటికొస్తాడు. బండి నచ్చకపోతే ఎవరికి అప్పజెబుతాడు?

మావయ్య: నచ్చడం, నచ్చకపోవడం తెలియాలంటే ముందు పని రావాలి కదరా. అక్కడ పని నేర్పేవాళ్లున్నారా? నీకు ఎన్నాళ్లు నేర్పారు?

మేనల్లుడు: ఫోన్‌లో వీడియోలు చూపించి నాలుగు ప్రశ్నలడిగారు. తర్వాత ఒక సీనియర్ వెనకాల కూర్చుని తిరిగాను. స్కాన్ చేయడం, ఓటీపీ అడగడం, క్యాష్ ఆన్ డెలివరీ డబ్బులు సాయంత్రం హబ్బులో జమకట్టడం, వద్దన్నవాటిని రిటర్న్ కొట్టడం. వాళ్లు నేర్పింది అంతే. నేర్పనిది అడ్రసు. అది రోడ్డు మీదే నేర్చుకోవాలి.

మావయ్య: అడ్రసులో నేర్చుకునేదేముంది? ఫోన్‌లో మ్యాపు ఉందిగా.

మేనల్లుడు: మ్యాపుకి మన ఊళ్లేం తెలుసు? 521201 పిన్ కోడ్ అని ఉంటుంది. దాని కింద టౌనూ ఉంది, చుట్టుపక్కల పల్లెలూ ఉన్నాయి. గాంధీ బొమ్మ దగ్గర అని రాస్తారు. పెద్ద గాంధీ బొమ్మా, చిన్న గాంధీ బొమ్మా? 2022 ఏప్రిల్ 4న మనల్ని ఏలూరు జిల్లాలో కలిపారు, జనం ఇంకా కృష్ణా జిల్లా అనే రాస్తారు. ఒకాయన నూజివీడు రైల్వే స్టేషన్ ఎదురుగా అని రాశాడు. ఆ పేరున్న స్టేషను హనుమాన్ జంక్షన్‌లో ఉంది, మనకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఇక సీజన్ వస్తే ఇళ్లకు తాళాలే, మనుషులందరూ తోటల్లో. ఫోన్ చేస్తే, రావిచర్ల రోడ్డులో కుడిపక్క మూడో తోట, గేటుకి పాత చెప్పు కట్టి ఉంటుంది, లోపలికొచ్చెయ్ అంటారు. ఇప్పుడు నాకు గేటు చూస్తే ఎవరి తోటో తెలుస్తుంది. ఇది పని కాదా?

మావయ్య: పనే. కాదని ఎవరన్నారు? కానీ ఆ తెలివి ఎవరి ఖాతాలో జమవుతుందో చూసుకో. నువ్వు మానేసిన మర్నాడు నీ రూటు ఇంకొకడికి ఇస్తారు. వాడు నెల రోజులు దారి తప్పి తిరుగుతాడు, ఆ పెట్రోలు వాడిదే. నీకు మిగిలేదేంటి, హబ్బుకి పోయేదేంటి? నేనైతే రెండు మూడు సీజన్లు క్లీనర్‌గా చేశాను. మా గురువు స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. ముందు తాడు కట్టడం, తర్వాత ట్రే పేర్చడం, ఆ తర్వాతే గేరు.

మేనల్లుడు: ట్రే పేర్చడానికి అన్ని సీజన్లా?

మావయ్య: నవ్వు. బంగినపల్లి గట్టికాయ, నాలుగు వరసలెత్తినా ఓర్చుకుంటుంది. చిన్నరసం అలా కాదు. పిసికి తాగే పండు, లోపలంతా రసం, పైన తోలు పల్చన. ట్రే అంచుదాకా నింపి దాని మీద ఇంకోటి పెట్టావనుకో, పై ట్రే అడుగు వచ్చి కింది కాయల భుజాల మీద కూర్చుంటుంది. ఎక్కించేటప్పుడు ఏమీ కనపడదు, దించేటప్పుడూ కనపడదు. కాయ మగ్గేటప్పుడు ఆ భుజం మీద నల్లగా అచ్చు తేలుతుంది. అందుకని రసాలైతే అంచుకి రెండు వేళ్లు తక్కువ నింపాలి, అడుగున గడ్డో కాగితమో వేయాలి. ముచ్చిక ఊడిన కాయ సొన కారి పక్క కాయల మీద చారలు కడుతుంది. అలాంటివి కనపడితే ముందే ఏరి పక్కన పెట్టించాలి. మిట్టమధ్యాహ్నం లోడు ఎత్తకూడదు, చల్లబడ్డాక ఎత్తి రాత్రికి నున్న చేరాలి. వానొస్తుందని టార్పాలిన్ నాలుగు వైపులా బిగించి కట్టావా, లోపల ఆవిరి పట్టి కాయ ఉడికిపోతుంది. వెనక గాలాడేలా వదలాలి.

మేనల్లుడు: ఎవడైనా కార్బైడ్ పొట్లాలు ట్రేల్లో పెట్టి ఎక్కించమంటే?

మావయ్య: దించేయమంటాను. అది ఎప్పుడో నిషేధించారు. మగ్గబెట్టాలంటే ఇథిలీన్ గ్యాస్ గదులున్నాయి, దానికి అనుమతి ఉంది. నా బండిలో ఏముందో నాకు తెలియాలి. నీ బ్యాగులో ఏముందో నీకు తెలుసా?

మేనల్లుడు: తెలియదు, తెలియకూడదు కూడా. అతుకు చిరగకుండా ఇవ్వడమే నా పని. సరే, ఇంత విద్య నేర్చావు కదా, మార్కెట్లో ఎన్ని గంటలు కూర్చుంటావు? సీజన్ ముమ్మరంలో బండ్లన్నీ వరసకట్టి ఉంటాయి. దించేదాకా నువ్వు సీట్లోనే. ఆ వెయిటింగ్‌కి ఎవరైనా రూపాయి ఇచ్చారా? బాడుగ మాత్రం వెంటనే ఇస్తారా? కొట్టువాడు రైతుకి లెక్క తేల్చాలి, రైతు నీకు తేల్చాలి. నీ నోటు పుస్తకంలో పోయినేటి బాకీలు ఇంకా కొట్టేయలేదు, నేను చూశాను.

మావయ్య: బాకీ ఉందంటే వాడికి నాతో పనుందని. వచ్చే సీజన్‌కి మళ్లీ నన్నే పిలుస్తాడు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అడక్కుండానే తెచ్చి చేతిలో పెట్టినవాళ్లున్నారు.

మేనల్లుడు: అది వాళ్ల మంచితనం. మంచితనాన్ని నేను తక్కువ చేయను. కానీ చిన్నోడు నెలాఖరుకి అమ్మకు ఇంత అని ఇవ్వాలి. నాకు ఎన్ని పార్శిళ్లు ఇస్తే అన్నిటికి లెక్క, వారం తిరిగేసరికి ఖాతాలో పడుతుంది. ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

మావయ్య: పడ్డ డబ్బులు పడ్డట్టే ఉంటున్నాయా? పోయిన దసరాకి ఏదో గొడవైందని మీ అమ్మ చెప్పిందే.

మేనల్లుడు: అయింది. ఫోన్ పెట్టెలో సబ్బు బిళ్లలు వచ్చాయని ఒకాయన కంప్లైంట్ పెట్టాడు. పెట్టె సీలు ఊడలేదు, నేను ఇచ్చేటప్పుడు ఫొటో కూడా తీశాను. అయినా నా మీదే రాశారు. తేలేదాకా ఐడీ ఆపేశారు. అడుగుదామంటే మనిషి దొరకడు. యాప్‌లో నొక్కితే మీ ఫిర్యాదు అందింది అని వస్తుంది.

మావయ్య: చూశావా? నా బండిలో కాయ నలిగితే రైతూ నేనూ ఎదురెదురుగా నిలబడి తేల్చుకుంటాం. తిట్టుకుంటాం, టీ తాగుతాం, తేల్చుకుంటాం. సబ్బుబిళ్లల సంగతి ఎవడితో తేల్చుకున్నావు నువ్వు?

మేనల్లుడు: తేల్చుకుంటారు సరే, చివరికి తగ్గేది ఎవరు? నువ్వే కదా. బాడుగలో కోసుకుని మిగతాది ఇస్తారు. నాకు ఫోన్ కోస్తుంది, నీకు మనిషి కోస్తాడు. నష్టం మాత్రం తోలినవాడిదే.

మావయ్య: మనిషైతే మళ్లీ సీజన్‌కి ఓ వంద ఎక్కువ వేసి సరిచేస్తాడు.

మేనల్లుడు: వేస్తే వేస్తాడు. ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇన్నేళ్లలో నువ్వు నిమ్మళంగా ఉన్నది ఎప్పుడు? సర్కారు రేషన్ బండి ఇంటింటికీ తోలినప్పుడు కాదా?

మావయ్య: అప్పుడే, అబద్ధం ఎందుకు? 2021 జనవరి 21న విజయవాడ బెంజి సర్కిల్‌లో జెండా ఊపారు. రాష్ట్రం మొత్తం మీద 9,260 బండ్లు. ఖరీదులో పదో వంతు మేం కట్టుకున్నాం. నెలకి 21,000, హెల్పర్ కూలీ, పెట్రోలు అందులోంచే. ఈ-పాస్ మిషన్ ఎలా పట్టుకోవాలో, కాటా ఎలా చూడాలో నేర్పారు. వేలిముద్ర పడని ముసలమ్మల గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డా విసుగొచ్చేది కాదు.

మేనల్లుడు: ఎందుకు విసుగొస్తుంది? ఆ నిలబడ్డ టైము జీతంలో ఉంది. నేను చెప్పేదీ అదే. ఎవడో ఒకడు నెల తిరగ్గానే జీతం ఇస్తే అదే రోడ్డు, అదే బరువు, అదే ఎండ నీకు బాగానే ఉన్నాయి. సొంత బండి గొప్పదనం కాదు అది.

మావయ్య: ఆగు. తర్వాత ఏమైంది? 2025 జూన్ 1 నుంచి మళ్లీ డిపోల్లోనే రేషన్ ఇవ్వడం మొదలుపెట్టారు. జీతం ఆగిపోయింది. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఏది మంచిది అనే రాజకీయం నాకొద్దు. ఇచ్చేవాడి నిర్ణయం మీద బతికితే జీతం ఒక్క పూటలో పోతుందని చెబుతున్నాను. పోకుండా మిగిలింది బండి. ఇప్పుడు దానికే వెనక డబ్బా విప్పించి ట్రేలు వేస్తున్నాను. రేపు నీ హబ్బుకి తాళం వేస్తే నీకేం మిగులుతుంది?

మేనల్లుడు: ఇంకో హబ్బు తెరుస్తారు. ఈ గేట్లూ, ఈ తోటలూ తెలిసినవాడు వాళ్లకు కావాలి. అయినా మావయ్యా, చట్టం కాగితం మీద పేరు పెట్టి పిలిచింది మమ్మల్నే గానీ మిమ్మల్ని కాదు. 2020 సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ కార్మికులు, ప్లాట్‌ఫాం కార్మికులు అని రాశారు. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. మాతో పని చేయించుకునే కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం దాకా సంక్షేమ నిధికి కట్టాలి. మాకు చెల్లించేదాంట్లో 5 శాతం మించక్కర్లేదని మెలిక కూడా పెట్టారనుకో.

మావయ్య: ఆ నిధిలోంచి నీ చేతికి ఏమొచ్చింది?

మేనల్లుడు: నా చేతికింకా ఏమీ రాలేదు. పేరంటూ రాశారు కాబట్టి రేపు అడగడానికి ఉంటుంది. నీతి ఆయోగ్ 2022లో లెక్కవేసింది. 2020–21లో దేశంలో మాలాంటివాళ్లు 77 లక్షల మంది, 2029–30కి 2.35 కోట్లు అవుతారంట. ఇంతమంది ఒక్కసారి ఫోన్లు కట్టేస్తే వినక చస్తారా? మీ చిన్న బండివాళ్లు ఎప్పుడైనా ఒక్క మాట మీద నిలబడ్డారా? ఒకడు కాదంటే ఇంకొకడు రెండొందలు తగ్గించి లోడు ఎత్తుకుపోతాడు. ఆటో డ్రైవర్లకు 2025 అక్టోబరులో 15,000 చొప్పున వేశారు. నీకు పడ్డాయా?

మావయ్య: పడలేదు. జనాన్ని ఎక్కించుకునే ఆటోలు, క్యాబులకే ఇచ్చారు. సరుకు బండి అందులో రాదు. దానికి నేనేం చేయను? నీకు నిధి సంగతి తెలుసు గానీ నీ బైకు సంగతి తెలుసా? తెల్ల నంబరు ప్లేటు. సొంతానికి తిరుగుతానని చేయించుకున్న పాలసీ. బ్యాగు తగిలించుకుని పడ్డావనుకో, కిరాయి పనికి వాడుతున్నావని బీమావాడు కొర్రీ వేయడా?

మేనల్లుడు: వేస్తాడు. మా వాళ్లలో అది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు తలుచుకోరు.

మావయ్య: నాదలా కాదు. పసుపు ప్లేటు, దానికి తగ్గ పాలసీ, ఓనర్ కమ్ డ్రైవర్‌గా 15 లక్షల ప్రమాద బీమా.

మేనల్లుడు: అంత పద్ధతైనవాడివి కోత కూలీలను లోడు మీద ఎక్కించుకుని ఎందుకొస్తావు? సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు బీమా కంపెనీ పూచీ ఉండదని సుప్రీంకోర్టు ఎన్నడో తేల్చింది. వాళ్లలో ఒకళ్లు జారిపడితే నష్టపరిహారం నీ ఇంటి మీదికొస్తుంది. పైగా నీ బండి మోసేది ముప్పావు టన్ను. నువ్వు వేసేదెంత? 2019లో చట్టం మార్చాక ఓవర్‌లోడుకి జరిమానా 20,000 దగ్గర మొదలవుతుంది.

మావయ్య: కూలీలను ఆ పొద్దుపోయిన వేళ తోటలో వదిలేసి రమ్మంటావా? వాళ్లకి ఇంకో బండి ఎక్కడిది?

మేనల్లుడు: వదిలేయమనను. రైతుని ఇంకో బండి పెట్టమను, ఆ ఖర్చు కాయ రేటులో కలుపుకోమను. మీరు అడగరు. అడిగితే ఎక్కడ వేరే బండివాణ్ని పిలుస్తాడోనని భయం. మీరు నమ్మకం నమ్మకం అంటారే, అందులో సగం ఈ భయమే.

మావయ్య: సగం భయమే అనుకో. మిగతా సగం? మొన్న ముసునూరు రోడ్డులో టైరు పోతే అర్ధరాత్రి ట్రాక్టరు తోలుకొచ్చి లోడు మార్చింది ఎవరు? ఎప్పుడో నేను కాయ చేరవేసిన రైతు. నువ్వు పడితే ఎవరొస్తారురా?

మేనల్లుడు: మా కుర్రాళ్లే వస్తారు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే దగ్గర్లో ఉన్నవాడు వచ్చి నా పార్శిళ్లు కూడా పంచి పెడతాడు. మనుషులు నీకొక్కడికే ఉన్నారనుకోకు.

మావయ్య: సరే, ఉన్నారు. ఇంతకీ చిన్నోడి సంగతి. లైసెన్స్ గురించి దిగులు అక్కర్లేదు. 7,500 కిలోల లోపు సరుకు బండికి కారు లైసెన్సే చాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీలు కూర్చుని మళ్లీ అదే చెప్పారు. మూడు టన్నులు దాటని బండికి పర్మిట్టూ అక్కర్లేదు. ఫిట్‌నెస్ ఒకటి చేయించుకోవాలి, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. అంతే.

మేనల్లుడు: లైసెన్స్ చాలు, వయసు చాలదు. సరుకు బండి తోలాలంటే ఇరవై నిండాలి, చట్టంలోనే ఉంది. మనోడికి పందొమ్మిది.

మావయ్య: మన రోడ్ల మీద ఎవడు అడుగుతాడురా?

మేనల్లుడు: ఏదైనా జరిగేదాకా ఎవడూ అడగడు. జరిగాక అందరికంటే ముందు అడిగేది నీ బీమావాడే.

మావయ్య: ఆ సంగతి నాకు తట్టలేదు. అయితే బండి కొనడం వచ్చే ఏడాదికి పెట్టుకుందాం. ఈ సీజన్‌కి నా వెనక హెల్పర్‌గా రానీ. తాడు, ట్రే, మార్కెట్టు అన్నీ చూస్తాడు. సీజన్ అయ్యాక నీ హబ్బులో రెండు నెలలు తిప్పు. రెండూ చూసి వాడే చెబుతాడు.

మేనల్లుడు: ఇది బాగుంది. కూలీ ఎంతిస్తావు?

మావయ్య: మేనల్లుడికి కూలీ ఏంట్రా? మా ఇంట్లో తింటాడు, ఖర్చులకిస్తాను. సీజన్ చివర బట్టలు కొనిపెడతాను.

మేనల్లుడు: ఇదే మావయ్యా, ఇంతసేపూ నేను మొత్తుకున్నది. రైతు నీతో ఎలా మాట్లాడతాడో నువ్వు వాడితో అలా మాట్లాడుతున్నావు. బయటి హెల్పర్‌ని పెట్టుకుంటే రోజుకి ఇంత అని ముందే బేరం ఆడతావు. అయినవాడైతే లెక్క ఉండదా?

మావయ్య: సరేరా బాబూ, బయటివాడికి ఇచ్చేదే వాడికీ ఇస్తాను. ఏ రోజుది ఆ రోజు, చేతిలో. నువ్వు చెప్పినట్టు మార్కెట్లో కూర్చున్న టైము కూడా అందులోనే. సరేనా?

మేనల్లుడు: అది కూలీలో ఇమిడిపోకూడదు. అర్ధరాత్రి దాటితే పైన ఇంకొంత.

మావయ్య: రాసుకో, దాటితే ఇంకో వంద. నువ్వు హబ్బులో అడగలేనివన్నీ నా దగ్గర అడుగుతున్నావు.

మేనల్లుడు: అక్కడ మనిషి దొరకడు, ఇక్కడ నువ్వు దొరికావు. ఇంకొకటి, వాడు కొత్తవాడు. ట్రే జారి కాయ పగిలితే?

మావయ్య: పగిలితే పగిలింది. అది నాది. వాడి కూలీలో పైసా కొయ్యను, రైతుకి నేను చెప్పుకుంటాను. ఇప్పుడు నువ్వెళ్లి మీ హబ్బు మేనేజరుని అడుగు, చిన్నోడు వచ్చాక పార్శిలు తేడా వస్తే ఎవరిదని. రాసిచ్చిన రోజు వాణ్ని నేనే తెచ్చి దింపుతాను.